చెట్టు కల్లు కోసం ఊరికి పోయేటోళ్లకు

వరంగల్ చుట్టుపక్కల తాటివనాలకు పోయొచ్చినోళ్లలో ఒకరు తేనెలెక్క ఉందంటరు, ఇంకొకరు పుల్లగా ఉందని మూతి తిప్పుతరు. తేడా ఎక్కువగా టైముదే. చెట్టుకు కట్టిన లొట్టిలోనే పులియడం మొదలైతది. దింపిన రెండు గంటల్లోనే ఆల్కహాలు 4 శాతం దాకా చేరొచ్చు. తీపి కావాలంటే పొద్దున దింపే యాళ్లకు చెట్టు కిందనే ఉండాలె.

ముందురోజే కల్లు గీసే గౌడన్నకు చెప్పి పెట్టుండ్రి. చెప్పకుండ పోతే వాడుక మనుషులకే సరిపోతది, అలిగి లాభం లేదు. తాటాకు రేకలో తాగితే రుచే వేరు. నంజుకోను గుడాలో, పల్లీలో తీస్కపోండ్రి.

ఇంటికి తెచ్చేటప్పుడు సీసా ముప్పావే నింపి, మూత వదులుగా పెట్టాలె. బిగిస్తే గ్యాసు పట్టి పగులుతది.

అసలు భయం మందు కల్లుతోనే. క్లోరల్ హైడ్రేట్, అల్ప్రాజోలం లాంటి మత్తుమందులు కలిపినదాన్ని రుచి చూసి పట్టలేం. అందుకే కండ్లముందర దింపిందే తాగుండ్రి. కొద్దిగ తాగినా మాట ముద్దగా వచ్చి, మెడ వాలిపోతే దవాఖానకు తీస్కపోవాలె. మజ్జిగ తాపుకుంట కూసోవద్దు. బండి నడిపేటోడు రేక ముట్టొద్దు.