రెన్ ఫెయిర్‌కి బాడిస్ బిగించుకోవడం ఎలా?

అమెరికాలో టెక్సస్‌లోని డాలస్ నుంచి దక్షిణంగా వెళ్తే వాక్సహాచీ వస్తుంది. అక్కడ 1981 నుంచి స్కార్‌బరో రెనసాన్స్ ఫెస్టివల్ జరుగుతోంది. పాతకాలపు యూరప్ వేషాలతో జరిగే ఇలాంటి జాతరనే రెన్ ఫెయిర్ అంటారు. ఏప్రిల్ నుంచి మే నెలాఖరు మెమోరియల్ డే దాకా, శని ఆదివారాల్లో. ఆ జాతరలో ఎప్పుడూ 1533వ సంవత్సరమే, రాజు ఎప్పుడూ ఇంగ్లండు ఎనిమిదో హెన్రీయే. గుర్రాల మీద ఈటెల పోటీలు, డేగల ఆటలు, చేతిలో కాల్చిన టర్కీ కోడి కాలు పట్టుకు తిరిగే జనం. వేషం కట్టేది నటులే కాదు, టికెట్ కొన్నవాళ్లూ కడతారు. ఆ బట్టల్ని గార్బ్ అంటారు. ఆడవాళ్ల గార్బ్‌లో ముఖ్యమైనది బాడిస్, అంటే షెమీజు మీద వేసుకుని నడుము చుట్టూ బొందుతో బిగించే రవిక లాంటిది. ఏటా ఎవరో ఒకమ్మాయి బాడిస్ మరీ బిగించుకుని చెట్టు కింద కూలబడి "అక్కా, కాస్త ఈ ముడి విప్పరా" అని అడుగుతుంది. ఈ ఏడైనా అది తప్పుతుందేమోనని రాస్తున్నాను.

కావలసినవి: పొడుగు చేతుల కాటన్ షెమీజు (లోపల వేసుకునే వదులు అంగీ), రెండు కుచ్చుల లంగాలు, బాడిస్, నడుముకి బెల్టు, ఫోను పెట్టుకోవడానికి తోలు సంచి. మన చీర లంగాల్లో ముదురు రంగువి చాలు, పైదానికి పాత చేనేత చీర కుట్టించుకోండి. పాలియెస్టర్ మాత్రం వద్దు. మే నెల టెక్సస్ ఎండలో హాలోవీన్ గౌను వేసుకుంటే ఉడికిపోతారు.

బాడిస్ కొనేటప్పుడు ముందువైపు ఇనప కొక్కేలున్న కార్సెట్ కొనకండి. అది 19వ శతాబ్దపు సరుకు. హెన్రీ పోయిన మూడొందల ఏళ్లకి వచ్చింది.

మొదట షెమీజు, లంగాలు. తర్వాత బూట్లు. అవును, బాడిస్ కంటే ముందే బూట్లు. బాడిస్ బిగించాక వంగలేరు. ఒకసారి నేను మర్చిపోతే పార్కింగ్ గడ్డిలో మా ఆయన మోకాళ్ల మీద కూర్చుని నా బూట్ల లేసులు కట్టారు. ఆ ఫోటో ఇప్పటికీ చుట్టాల వాట్సాప్‌లో తిరుగుతోంది.

ఇక బొందు. అందరూ తప్పు చేసేది ఇక్కడే, కాబట్టి నిదానంగా చదవండి.

శాటిన్ రిబ్బన్ జారిపోతుంది, నైలాన్ తాడు ముడి నిలవదు. మూడు గజాల గట్టి నూలు బొందు తీసుకోండి. బూటు లేసులా అడ్డదిడ్డంగా రెండు కొసలతో అల్లకండి. ఒకే కొసతో, కింద నుంచి పైకి, చుట్టుకుంటూ పోవాలి. 16వ శతాబ్దంలో అలాగే కట్టేవారు. చరిత్ర సంగతి అటుంచినా ఇదే మేలు: పై కొస ఒక్కటి వదులు చేస్తే మొత్తం వదులవుతుంది, ఎవరి సాయమూ అక్కర్లేదు.

కింది రంధ్రంలో ఒక కొస ముడేయండి. రెండో కొసని ప్రతిసారీ లోపలి నుంచే బయటికి తీయండి. ఒక్కచోట తిరగబడినా అక్కడే పట్టేస్తుంది. రంధ్రాలు సరిగ్గా ఎదురెదురుగా ఉన్న బాడిస్ అయితే ఒక పక్క పైకి లాగుతుంది. అందుకే రంధ్రాలు ఒక పక్కవి కాస్త పైకి, రెండో పక్కవి కాస్త కిందికి ఉన్నదే కొనమంటాను.

ఇంట్లో బిగించకండి! ఏసీ గదిలో బాగానే ఉంటుంది, కారులో గంట కూర్చునేసరికి కడుపులో పొడుస్తుంది. ఇంట్లో వదులుగా అల్లుకుని, పార్కింగ్‌లో దిగాక నడుము దగ్గర మొదలుపెట్టి పైకి బిగించుకుంటూ రండి. రెండంచుల మధ్య రెండు వేళ్ల సందు మిగలాలి. అంచులు కలిసిపోతే బాడిస్ మీకు పెద్దదని అర్థం. మధ్యాహ్నానికి బట్ట సాగుతుంది, అప్పుడు బిగించడానికి చోటుండదు.

బిగించాక గట్టిగా ఊపిరి పీల్చండి. ఒకసారి కూర్చుని లేవండి. దేనికి ఇబ్బందైనా రెండు వరసలు వదులు చేయండి. పై కొసకి లాగితే ఊడే ముడే వేయండి, గుడ్డిముడి వద్దు. టర్కీ కాలు తినేముందు వదులు చేసుకోవడం సిగ్గుపడే పనేం కాదు.

మగవాళ్లకి ఇంత కష్టం లేదు. కత్తి పెట్టుకుంటే ఒరలోంచి రాకుండా పిడికి తాడు కట్టేయాలి, అంతే.

ఇంటికొచ్చాక బాడిస్‌ని మెషీన్లో వేయకండి. తిరగేసి, నీడలో రెండు రోజులు వేలాడదీయండి. బొందు మాత్రం తీసి విడిగా ఉతకండి.