నెల్లూరు నుంచి దుబాయికి: విమాన దూరం, ప్రయాణ సమయం లెక్కించే పద్ధతి

నెల్లూరు వాసులు దుబాయి ప్రయాణానికి సాధారణంగా చెన్నై విమానాశ్రయానికే వెళ్తారు కనుక, ముందుగా చెన్నై, దుబాయిల మధ్య దూరం తెలుసుకోవాలి. పటం మీద స్కేలుతో గీసిన గీతను నమ్మకూడదు. భూమి గుండ్రంగా ఉన్నందున, రెండు విమానాశ్రయాల అక్షాంశ రేఖాంశాల ఆధారంగా భూగోళం మీద లెక్కించే అతి తక్కువ దూరాన్నే తీసుకోవాలి. అది సుమారు 2,900 కిలోమీటర్లు. నాటికల్ మైళ్లలో ఇచ్చి ఉంటే 1.852తో గుణించాలి.

ఈ దూరాన్ని గంటకు 800 కిలోమీటర్ల వేగంతో భాగించి, పైకి లేవడానికి, దిగడానికి, రన్‌వే దాకా మెల్లగా సాగడానికి మరో అరగంట కలిపితే సుమారు నాలుగు గంటల పది నిమిషాలు వస్తుంది. ఎత్తులో పడమటి గాలులు బలంగా వీచే శీతాకాలంలో తిరుగు ప్రయాణం ఇంకాస్త త్వరగా ముగుస్తుంది.

చాలామంది పొరబడేది గడియారం దగ్గరే. టికెట్టు మీద బయలుదేరేది ఉదయం 10:00, చేరేది మధ్యాహ్నం 12:45 అని ఉంటే ప్రయాణం రెండు గంటల ముప్పావు అనుకోరాదు. దుబాయి సమయం మనకంటే గంటన్నర వెనుక ఉంటుంది కాబట్టి అసలు ప్రయాణం నాలుగుంబావు గంటలు.

అయితే మన వరకు అసలు ఆలస్యం నేల మీదే. చెన్నైకి రోడ్డు దూరం దాదాపు 175 కిలోమీటర్లు. విమానాశ్రయానికి మూడు గంటల ముందే చేరాలి కనుక, ఆ పది గంటల విమానానికి నెల్లూరులో తెల్లవారుజామున మూడింటికే కారెక్కాలి.