అగ్నిపర్వతం మీది బురదరాళ్లు ఎంత దూరం వస్తాయి? లెక్క కట్టే పద్ధతి

వాలు ఎంత నిటారుగా ఉంటే ప్రవాహం అంత దూరం పోతుందనుకోవడం సహజం. కానీ వాలు ముఖ్యంగా తేల్చేది ప్రవాహం ఎక్కడ మొదలవుతుందో. ఎక్కడ ఆగుతుందో ఎక్కువగా తేల్చేవి కదిలిన సరుకు పరిమాణం, అందులో కలిసిన నీరు. 1985 నవంబర్ 13న కొలంబియాలోని నెవాడో దెల్ రూయిజ్ అగ్నిపర్వతం పేలినప్పుడు కరిగిన మంచు నీరు సుమారు 2 కోట్ల ఘనపు మీటర్లు. దారిలో వాగుల ఒడ్లను కోసుకుంటూ పోయి అది మొత్తం దాదాపు 9 కోట్ల ఘనపు మీటర్ల లహార్, అంటే అగ్నిపర్వతపు బూడిద, రాళ్లు నీటితో కలిసి పారే బురద ప్రవాహం అయింది. సుమారు 5,000 మీటర్లు దిగి 104 కిలోమీటర్లు వెళ్లింది. దిగిన ఎత్తును దూరంతో భాగిస్తే 0.05, అంటే 3 డిగ్రీల లోపు కోణం. ఆర్మెరో పట్టణం ఆ దారిలోనే ఉంది.

అందుకే మొదటి పని ఘనపరిమాణం అంచనా. పై వాలు మీద వదులుగా ఉన్న బూడిద మందం ఒక్కటే చూస్తే చాలదు, వంకల్లో కోతకు లొంగే సరుకును కూడా కలపాలి. 2 కిలోమీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు ఉన్న వంకలో 3 మీటర్ల లోతు వరకు వదులు మట్టి ఉంటే 60,000 ఘనపు మీటర్లు అక్కడే దొరికాయి. అడుగున గట్టి రాయి తేలిన చోట మాత్రం సున్నా వేయండి. ఎంత జాగ్రత్తగా కొలిచినా ఈ అంకె పదిరెట్లు తప్పవచ్చు కాబట్టి ఒక్క విలువతో ఎప్పుడూ ఆగకూడదు. 1 లక్ష, 10 లక్షలు, 1 కోటి ఘనపు మీటర్లు అని మూడు పెట్టుకుని ముందుకు వెళ్లండి.

తర్వాత అది ఎలాంటి ప్రవాహమో తేల్చాలి. పాత ప్రవాహం వదిలి వెళ్లిన నిక్షేపంలో పెద్ద రాళ్ల మధ్య ఉండే సన్నటి ముద్దను పరీక్షకు పంపండి. జల్లెడలు బంకమట్టిని వేరు చేయలేవు, రేణువులు నీటిలో ఎంత వేగంగా కిందికి దిగుతాయో చూసే హైడ్రోమీటర్ పరీక్ష కావాలి. బంకమట్టి 3 నుంచి 5 శాతం దాటితే ప్రవాహం పెద్దగా పలచబడకుండా చాలా దూరం పోతుంది. వేడి నీరు, ఆమ్ల వాయువులు రాతిని కుళ్లబెట్టిన కొండ చరియ కూలినప్పుడు పుట్టే రకం ఇది. బంకమట్టి తక్కువైతే కిందికి పోయేకొద్దీ ఏటి నీటితో కలిసి ఇసుక నీళ్లలా పలచబడుతుంది.

ఇక లెక్క. అగ్నిపర్వత లహార్ల కోసం ఐవర్సన్, షిల్లింగ్, వాలన్స్ అనే శాస్త్రవేత్తలు 1998లో ఇచ్చిన సూత్రాలు రెండు. ఘనపరిమాణానికి ఘనమూలం తీసి, దాన్ని వర్గం చేయండి. 0.05తో గుణిస్తే లోయను అడ్డంగా కోస్తే నిండే వైశాల్యం, 200తో గుణిస్తే మొత్తం మునిగే నేల వస్తాయి. 10 లక్షల ఘనపు మీటర్లకు ఘనమూలం 100, వర్గం 10,000. అడ్డుకోత 500 చదరపు మీటర్లు, మునిగే నేల 20 లక్షల చదరపు మీటర్లు.

దీన్ని నేల మీద పరచాలి. ప్రవాహం సరుకును దింపడం మొదలుపెట్టే చోటు నుంచి ప్రతి 50 మీటర్లకు లోయకు అడ్డుకోత గీయండి. అడుగు నుంచి 500 చదరపు మీటర్లు నిండేదాకా మట్టం పెంచి, ఆ మట్టం దగ్గర వెడల్పు చూడండి. 200 మీటర్ల వెడల్పు, చదును అడుగు ఉన్న లోయలో లోతు 2.5 మీటర్లు. ఒక్కో 50 మీటర్ల ముక్కకు 10,000 చదరపు మీటర్లు ఖర్చవుతాయి, 10 కిలోమీటర్లకు ఖాతా ఖాళీ.

అదే సరుకు లహార్ కాకుండా మామూలు బురదరాళ్ల ప్రవాహమైతే గుణకాలు 0.1, 20. అదే లోయలో 5 మీటర్ల లోతున 1 కిలోమీటరుకే ఆగుతుంది. రకం తప్పు ఎంచుకుంటే దూరం పదిరెట్లు మారుతుందన్నమాట. ఘనపరిమాణం పదిరెట్లు తప్పినా మునిగే నేల మారేది 4.6 రెట్లే. రెండు రకాలూ సాధ్యమే అనిపిస్తే రెండూ గీయండి.

సరిచూసుకోవడానికి రికెన్‌మాన్ 1999 సూత్రం ఉంది: 1.9ని ఘనపరిమాణపు 0.16 ఘాతంతో, దిగిన ఎత్తు 0.83 ఘాతంతో గుణించాలి. 10 లక్షల ఘనపు మీటర్లు 1,000 మీటర్లు దిగితే, మొదలైన చోటు నుంచి సుమారు 5.4 కిలోమీటర్లు. ఇది మధ్య గీత మాత్రమే, చాలా ప్రవాహాలు దీన్ని దాటుతాయి.

పొరపాట్లు ఎక్కువగా భూరూప నమూనాలోనే, అంటే నేల ఎత్తుపల్లాలను గడులుగా చూపే కంప్యూటర్ పటంలోనే. 30 మీటర్ల గడుల నమూనాలో 10 మీటర్ల వంక కనబడదు, ప్రవాహం గట్టు దాటి లేని దారి పడుతుంది. నమూనాలోంచి వంతెనను తీసేయకపోతే అది ఆనకట్టలా నిలబడి లెక్కను అక్కడే ఆపేస్తుంది. సాఫ్ట్‌వేర్ ఇచ్చే రంగుల పటం చూసి మురిసిపోయే ముందు ఈ రెండూ చూడండి.

పేలుడు తర్వాతి సంగతి వేరు. సన్నటి బూడిద పైన పెంకు కట్టి నీటిని ఇంకనివ్వదు, కొద్దిపాటి వానకే వంకలు కదులుతాయి. ఫిలిప్పీన్స్‌లోని పినతుబో అగ్నిపర్వతం 1991లో పేలాక ఏళ్ల తరబడి వానాకాలాల్లో లహార్లు వచ్చాయి. ప్రతి ప్రవాహం వాగు అడుగును పైకి లేపుతుంది, తర్వాతిది గట్టు దాటి పక్క పొలాల్లోకి తిరుగుతుంది. కనుక ప్రతి వానాకాలం ముగిశాక అడ్డుకోతలు మళ్లీ కొలిచి లెక్క మొదటి నుంచి వేయాలి.