పాత క్యాసెట్లలోని కూలి పాటలు ఆల్బమ్‌గా దాచడం ఎలా

మాది కోనసీమ. ముప్పై ఏళ్లు మైకు సెట్టు అద్దెకిచ్చాను. వ్యవసాయ కూలీల మీటింగులకు వెళ్లినప్పుడు స్పీకరు పక్కన టేప్‌రికార్డరు పెట్టి పాటలు పట్టేవాణ్ని. 1996 నవంబరు తుఫానుకు పెంకులెగిరిపోయి సగం క్యాసెట్లు తడిసిపోయాయి. మిగిలినవి ఈమధ్యే కంప్యూటర్లోకి ఎక్కించాను. మీ ఇంట్లోనూ అలాంటివి ఉంటే దయచేసి ఇంకా ఆలస్యం చెయ్యకండి.

ముందు క్యాసెట్ కిటికీలోంచి టేపు చూడండి. తెల్లటి బూజు కనిపిస్తే ప్లేయర్లో పెట్టొద్దు, ఆ బూజు మిగతా క్యాసెట్లకూ అంటుకుంటుంది. బాగున్నదాని వెనక అంచున ఉండే రెండు ప్లాస్టిక్ పలకలు విరిచేస్తే పొరపాటున చెరిగిపోదు. ఒకసారి చివరిదాకా తిప్పి వెనక్కి తెచ్చాక వినండి. ప్లేయర్లో టేపు రాసుకుంటూ పోయే హెడ్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి. ప్లేయరు లైన్ అవుట్ నుంచి ఆడియో ఇంటర్‌ఫేస్‌లోకి (శబ్దాన్ని కంప్యూటర్లోకి పంపే చిన్న పెట్టె) వైరు కలిపి, 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ వేవ్ ఫైలుగా పట్టండి. గంట స్టీరియోకు ఒక జీబీ పడుతుంది. ఎంపీ3 ఊళ్లో పంచడానికి మాత్రమే.

అసలు ఫైలును శుభ్రం చెయ్యకండి. నేను గుర్రుమనే శబ్దం తీసేయబోతే వెనక వంత పాడినవాళ్ల గొంతులు కూడా పలచబడిపోయాయి. నలుగురూ కలిసి పాడటమే ఆ పాటకు బలం. అదృష్టం కొద్దీ అసలు కాపీ ఉంది.

ఇంతకన్నా ముఖ్యమైంది పాట చుట్టూ ఉన్న కబురు. ఒక క్యాసెట్ మీద నేను 'కూలి పాట' అని రాసి ఊరుకున్నాను. పాడినావిడకు ఇప్పుడు ఎనభై దాటాయి. వెళ్లి అడిగితే, కూలి పెంచేదాకా ఊడుపులకు దిగమని గట్టు మీద కూర్చుని కట్టుకున్న పాట అని చెప్పారు. మొదటి పాదంలో కామందు పేరు ఉండేదట, చేను మారితే పేరూ మారేదట. క్యాసెట్లో ఆ ఊసే లేదు. అందుకే ఎవరు ఎత్తుకున్నారు, ఎవరు నేర్పారు, ఏ ఊళ్లో, ఎవరి మీద అని ఆ మాటలూ రికార్డు చెయ్యండి. ఏ సంవత్సరం అంటే పెద్దవాళ్లు తడబడతారు. 1986 వరదకు ముందా తర్వాతా అనడిగితే ఠక్కున చెబుతారు. ఈ మాటలు రికార్డు చేసేటప్పుడు ఫ్యాను ఆపాలి, ఫోను ఫ్లైట్ మోడ్‌లో పెట్టాలి.

పాటను బయట పెట్టొచ్చా అని అడిగి, వాళ్ల జవాబు వాళ్ల గొంతులోనే పట్టండి. మన కాపీరైటు చట్టంలో పాడినవాళ్లకు 50 ఏళ్ల హక్కు ఉంది. కామందుల పిల్లలు, కూలీల పిల్లలు ఇప్పటికీ ఒకే వీధిలో ఉంటారు. కామందు పేరు ఉంచాలో తీసెయ్యాలో పాడినావిడే చెప్పాలి.

మూడు కాపీలు ఉంచండి. ఒకటి గోదావరి నీళ్లు రాని చోట, హైదరాబాద్ చుట్టాలింట్లో అయినా సరే.

మొదటి పెన్‌డ్రైవు ఆ మామ్మగారికే ఇచ్చి, వాళ్ల టీవీకి పెట్టి వినిపించాను. రెండో చరణంలో ఒక మాట తప్పు పాడానని ఆపించి, సరిచేసి మళ్లీ పాడారు. దాన్నీ రికార్డు చేశాను.