రాత్రి పురుగుల పరిచయం – 4వ పాఠం: చోడి మొవ్వులో గులాబీ పురుగు

పోయిన పాఠంలో తెల్ల పంచె కట్టి, దాని ముందు బల్బు వెలిగించి కూర్చున్నాం. ఆ పంచె మీద ఎండుగడ్డి రంగు రెక్కలతో, బొద్దుగా వాలిన పురుగును చాలామంది వదిలేసి ఉంటారు. ఈ పాఠమంతా దాని గురించే. శాస్త్రీయ నామం సెసామియా ఇన్ఫెరెన్స్. 1856లో వాకర్ అనే కీటక శాస్త్రవేత్త వర్ణించాడు. నాక్టుయిడే కుటుంబం.

విజయనగరం, శ్రీకాకుళం పల్లెల్లో చోడి (రాగి) చేను, వరి మడి పక్కపక్కనే కనిపిస్తాయి. ఈ పురుగుకు రెండూ ఇష్టమే, మొక్కజొన్న, చెరకు కూడా. వరిలో మొవ్వు, అంటే పిలక నడిమి లేత ఆకు, ఎండితే పసుపు కాండం తొలుచు పురుగేనని అందరూ అనేస్తారు. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. పొరపాటు ఎక్కడంటే, బయటి నుంచి చూస్తే రెండింటి నష్టం ఒకేలా ఉంటుంది. తేడా తెలియాలంటే కాండం చీల్చాల్సిందే.

పొద్దున్నే చేలోకి వెళ్లండి. ఎండిన మొవ్వును పట్టుకుని మెల్లగా లాగండి, సులువుగా ఊడి వస్తుంది. ఆ పిలకను మొదలంటా కోసి, బ్లేడుతో నిలువునా చీల్చండి. లోపల తడి రెట్ట, దాని మధ్య ఇంకా రెక్కలు రాని పిల్ల పురుగు. వీపు గులాబీ రంగులో, తల ఎర్రటి గోధుమ రంగులో ఉంటే ఇదే. ఒళ్లంతా లేత పసుపైతే అది రెండోది. పత్తి కాయలో దొరికే గులాబీ పురుగుతో మాత్రం కలపొద్దు, దాని కుటుంబమే వేరు.

గుడ్లు మరీ స్పష్టమైన ఆనవాలు. పసుపు పురుగు ఆకు చివర కుప్పగా పెట్టి, పైన నూగు కప్పుతుంది. మన పురుగు ఆకు తొడుగుకూ కాండానికీ మధ్య దాచిపెడుతుంది. గోటితో తొడుగు విప్పితే వరుసగా గుచ్చిన చిన్న పూసల్లా కనిపిస్తాయి. మొదటిసారి చూసినప్పుడు ఎంతసేపు చూశానో నాకే తెలియదు.

రెక్కల పురుగుల్లో పసుపు ఆడపురుగుకు ముందు రెక్క మీద ఒక్కో నల్లచుక్క ఉంటుంది. సెసామియాకు ఆ చుక్క ఉండదు, వెనక రెక్కలు తెల్లగా ఉంటాయి.

ఈ వారం పని: పది ఎండిన మొవ్వులు చీల్చి, తేదీ, పంట, పురుగు రంగు రాసుకోండి. ప్యూపా (రెక్కలు రాకముందు పురుగు తినకుండా ఉండే దశ) దొరికితే కాండం ముక్కతో సహా సీసాలో పెట్టి, మూతికి పల్చని గుడ్డ కట్టి నీడలో ఉంచండి. సుమారు పది రోజుల్లో రెక్కలతో బయటికొస్తుంది. మగదైతే మీసాలు దువ్వెన పళ్లలా ఉంటాయి, వచ్చే పాఠం అక్కడి నుంచి మొదలుపెడదాం.