తలకోన ఏటి వెంట ఒక పగటి నడకకు ఏర్పాట్లు

తిరుపతి నుంచి ఉదయం బయలుదేరి చీకటి పడేలోగా ఇల్లు చేరగలిగిన అడవి నడకలలో, కొత్తవారికి నేను మొదట చెప్పేది తలకోన. చంద్రగిరి, భాకరాపేట ఘాట్ మీదుగా యాభై కిలోమీటర్లకు పైబడిన ప్రయాణం. శేషాచలం కొండల్లో, శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానవనం పరిధిలో, సిద్ధేశ్వరస్వామి ఆలయం దగ్గర నుంచి సుమారు 270 అడుగుల జలపాతం వైపు, ఏటి చప్పుడు వింటూ చెట్ల నీడన నడవవచ్చు. దారి సులువే గాని, సులువన్న ధీమాతో హవాయి చెప్పులతో, అర లీటరు సీసాతో వచ్చేవారే అక్కడ ఎక్కువగా అవస్థ పడతారు.

ముందు తేల్చుకోవలసింది కాలం. మన ప్రాంతానికి పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలతో, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు వస్తాయి; 2021 నవంబరులో తిరుపతి వీధులను ముంచెత్తిన వరద మనకింకా గుర్తుంది. కాబట్టి వానలు వెనకపట్టి, ఏటిలో నీరు మాత్రం తగ్గని రోజులు, అంటే డిసెంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా, నా దృష్టిలో అన్నిటికన్నా మంచివి. మార్చి దాటితే ఎండుటాకులు, వేడి, నిప్పు భయం. వాయుగుండం వార్త ఉన్న వారంలో ఎంత ముచ్చటపడినా ప్రయాణం మానుకోవాలి. భారీ వానలప్పుడు అటవీశాఖ ప్రవేశాన్ని ఆపేస్తుంది గనుక ముందురోజే కనుక్కుని బయలుదేరడం మేలు.

నీటి విషయం కాస్త వివరంగా చెప్పాలి. మీ తలమీద ఆకాశం నిర్మలంగా ఉన్నా, పైకొండల్లో కురిసిన వాన గంటలోపే కోనలోకి దిగిరావచ్చు. ఒడ్డున కూర్చునే ముందు ఎదుటి బండను ఒకసారి పరిశీలనగా చూడండి: నీటిమట్టానికి ఎంతో ఎత్తున, పొదల కొమ్మల్లో ఎండుగడ్డి, పుల్లలు చిక్కుకుని కనిపిస్తాయి. కిందటి వరద అంత ఎత్తుకు వచ్చిందని అర్థం. తేటగా పారే నీరు ఎర్రబారినా, ఆకులూ పుల్లలూ ఒక్కసారిగా కొట్టుకొస్తున్నా, చప్పుడు బరువెక్కినా సామాను కోసం చూడకుండా పక్క గట్టెక్కాలి. మోకాలికి మించిన ప్రవాహాన్ని దాటకూడదు. జలపాతం కింది మడుగు లోతు పైనుంచి చూస్తే తెలియదు, ఈత వచ్చినవారు కూడా అందులోకి దూకకూడదు. పాచిపట్టిన బండ పొడిబండ కన్నా నల్లగా మెరుస్తుంది. ఆ మెరుపు కనబడినచోట అడుగు వేయవద్దు. అరిగిపోయిన అడుగున్న బూట్లతో ఒకసారి అలాంటి బండమీదే జారి మణికట్టు వాచగొట్టుకున్నాను, అప్పటి నుంచి గాడులు లోతుగా ఉన్న బూట్లే తొడుగుతున్నాను.

ఇక సమయాన్ని తిరుగు ప్రయాణం నుంచి వెనక్కి లెక్కపెట్టాలి. డిసెంబరులో ఆరు గంటలకు ముందే పొద్దుగూకుతుంది. కోనలో కొండల నీడ అంతకన్నా ముందే కమ్ముకుంటుంది. మూడున్నరకల్లా బండి దగ్గరికి చేరాలంటే రెండింటికి వెనుదిరగాలి, అందుకు తిరుపతిలో ఏడింటికే బయలుదేరాలి. రాళ్ల దారిలో గంటకు రెండు కిలోమీటర్లు నడిస్తే చాలా నడిచినట్టే. గుంపులో అందరికన్నా నెమ్మదిగా నడిచేవారిని ముందు నడిపిస్తే ఎవరూ వెనకబడరు.

మనిషికి రెండు లీటర్ల నీళ్లు తప్పనిసరి. తిండికి పులిహోర, పెరుగన్నం చాలు, స్టీలు డబ్బాలో పెట్టుకోవాలి. కోతుల కంటికి కవరు కనబడితే చేతిలోంచి లాగేసుకుంటాయి, కాబట్టి వాటికి ఏమీ పెట్టకుండా, సంచి జిప్పు మూసి ఉంచండి. తెచ్చిన ప్లాస్టిక్ ఏదైనా తిరిగి మీతోనే ఊరికి రావాలి. టార్చి, ఈల, కట్టుగుడ్డ, నీళ్లలో కలుపుకోవడానికి చక్కెర-ఉప్పు పొట్లం, ఇవి సంచి అడుగున ఉండాలి. ఫోను సిగ్నలు లోపల నమ్మదగినది కాదు. ఎటు వెళ్తున్నారో, ఏ గంటకు తిరిగి వస్తారో ఇంట్లో ఒకరికి చెప్పి వెళ్లండి.

దారి వదలి పొదల్లోకి వెళ్లకూడదనడానికి ఇక్కడ ప్రత్యేక కారణాలున్నాయి. ఏనుగులు తిరిగే అడవి ఇది. తాజా పేడ కనబడితే ఫొటో మానేసి వెనక్కి రావాలి. ఇది ఎర్రచందనం అడవి కూడా. మొసలి వీపులా పలకలుగా చీలిన నల్లటి బెరడును, గుండ్రని రెక్కల కాయలను చూసి చెట్టును గుర్తుపట్టడం పిల్లలకు మంచి ఆట. రాలిన చిన్న ముక్కనైనా సంచిలో వేసుకోకూడదని మాత్రం వారికి ముందే చెప్పాలి. పట్టుబడితే కేసు తప్పదు.

పాము కాటు వేస్తే కోయడం, పీల్చడం, గట్టిగా కట్టు బిగించడం చేయవద్దు. కాలు కదలకుండా పుల్లకు వదులుగా కట్టి, మనిషిని నడిపించకుండా మోసుకెళ్లి, సిగ్నలు అందగానే 108కి ఫోను చేయాలి. ఇక తిరుగు దారి సంగతి. కోనలో ఆలస్యమై పొద్దుపోతే భాకరాపేట ఘాట్ మలుపులను చీకట్లో దిగవలసి వస్తుంది, కనుక బండి నడిపేవారు మధ్యాహ్నం భోజనం తేలికగా చేసి, వెనుదిరిగే ముందు పావుగంటైనా కునుకు తీయాలి.