మార్పులు చేసిన కారులో మ్యాప్ సెన్సర్ లోపాన్ని నిర్ధారించే విధానం

ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లోని (సిలిండర్లకు గాలిని పంచే గొట్టాల అమరికలోని) గాలి పీడనాన్ని కొలిచే మ్యాప్ (మానిఫోల్డ్ ఆబ్సల్యూట్ ప్రెషర్) సెన్సర్ తప్పుగా చూపుతున్నప్పుడు ఐడిల్ (యాక్సిలరేటర్ తొక్కనప్పటి ఇంజను వేగం) నిలకడ తప్పుతుంది, సైలెన్సర్ నుంచి నల్లటి పొగ వస్తుంది లేదా యాక్సిలరేటర్ గట్టిగా తొక్కగానే ఇంజను తడబడుతుంది. లోపాల కోడ్‌లను చదివే స్కానర్ పెడితే తరచుగా పీ0106, పీ0107, పీ0108 కోడ్‌లలో ఏదో ఒకటి కనిపిస్తుంది. ఫ్యాక్టరీ నుంచి వచ్చినది వచ్చినట్టే ఉన్న కారులో ఈ దశలోనే సెన్సర్ మార్చేసి బయటపడేవారు ఉన్నారు. కానీ టర్బో (గాలిని ఒత్తిడితో ఇంజనులోకి నెట్టే పరికరం) బిగించిన, వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్ట్ మార్చిన, ఈసీయూను (ఇంజనును నియంత్రించే కంప్యూటర్‌ను) రీమ్యాప్ చేసిన, అంటే దానిలోని లెక్కలు మార్చిన కారులో సెన్సర్‌కు గాలి తెచ్చే గొట్టం, కరెంటు తెచ్చే వైరు, దాని వోల్టేజీని పీడనంగా లెక్కగట్టే పట్టిక, అన్నీ తరువాత ఎవరో ఒకరు చేయి పెట్టినవే. అందువల్ల అక్కడ వాటిని పరీక్షించిన తరువాతే సెన్సర్‌ను అనుమానించడం మంచిది.

ముందుగా కోడ్‌ల అర్థం చూడాలి. పీ0107 అంటే సిగ్నల్ వోల్టేజీ ఉండవలసిన దానికంటే తక్కువగా ఉందని, పీ0108 అంటే ఎక్కువగా ఉందని. ఈ రెండూ ఎక్కువగా వైరింగ్ వైపు వేలు చూపుతాయి. పీ0106 వేరు రకం. వోల్టేజీ హద్దుల్లోనే ఉన్నా, గాలిని లోనికి వదిలే థ్రాటిల్ తెరుచుకున్న మేరకు, ఇంజను వేగానికి ఆ పీడనం పొసగడం లేదని ఈసీయూ చెప్పే మాట అది. ఫ్యాక్టరీ క్యామ్‌తో వేడెక్కిన ఇంజను ఐడిల్‌లో సాధారణంగా 30 నుంచి 45 కిలోపాస్కల్‌ల మధ్య చూపుతుంది. వాల్వులను ఎక్కువసేపు తెరిచి ఉంచే క్యామ్ వేసిన ఇంజనులో అదే అంకె 60కి చేరినా ఆశ్చర్యం లేదు. ఈసీయూలోని పాత హద్దులను సవరించకపోతే అక్కడ ఏ లోపమూ లేకుండానే పీ0106 వస్తుంది.

సెన్సర్ నిజం చెబుతోందా అని తేల్చడానికి మొదటి కొలబద్ద వాతావరణ పీడనమే. ఇంజను స్టార్ట్ చేయకుండా ఇగ్నిషన్ మాత్రమే ఆన్ చేస్తే, మానిఫోల్డ్‌లోనూ బయటా ఒకే పీడనం ఉంటుంది కాబట్టి సెన్సర్ ఆ అంకెనే చూపాలి. సముద్రమట్టం దగ్గర అది సుమారు 101 కిలోపాస్కల్‌లు, 1000 మీటర్ల ఎత్తున సుమారు 90. వాతావరణ సమాచారంలో ఇచ్చే పీడనం సాధారణంగా సముద్రమట్టానికి సరిచేసినది కాబట్టి, ఎత్తైన చోట ఉన్నవారు దానితో నేరుగా పోల్చి మంచి సెన్సర్‌ను తప్పుపట్టే ప్రమాదం ఉంది. తేడా రెండు మూడు కిలోపాస్కల్‌లకు మించి ఉంటే ముందుకు వెళ్లాలి.

తరువాత పరిశీలించవలసినది ఈసీయూలోని లెక్క. టర్బో లేని కార్ల సెన్సర్లు చాలావరకు 105 కిలోపాస్కల్‌ల దగ్గర ఆగిపోతాయి. బూస్ట్ (టర్బో నెట్టే అదనపు పీడనం) వచ్చాక పీడనం ఎంత పెరిగినా సెన్సర్ అంతకు మించి చెప్పలేదు, దానివల్ల ఇంధనం తక్కువై ఇంజనుకు నిజమైన ముప్పు వస్తుంది. అందుకే టర్బో బిగించేటప్పుడు 3 బార్ (300 కిలోపాస్కల్‌లు) వంటి పెద్ద పరిధి గల సెన్సర్ వేస్తారు. ఉదాహరణకు 0.5 వోల్టుకు 20, 4.5 వోల్టులకు 300 కిలోపాస్కల్‌లు చూపే సెన్సర్‌ను తీసుకుంటే ప్రతి వోల్టుకు 70 కిలోపాస్కల్‌లు పడతాయి, సాధారణ వాతావరణ పీడనం వద్ద సిగ్నల్ సుమారు 1.65 వోల్టులు ఉండాలి. మల్టీమీటర్ ఆ వోల్టేజీ చూపుతూ స్కానర్ మాత్రం వేరే పీడనం చూపుతుంటే, ముందుగా అనుమానించవలసినది సెన్సర్‌ను కాదు, ఈసీయూలో నమోదు చేసిన పట్టికను. ఒకేలా కనిపించే సెన్సర్లకు కూడా ఈ అంకెలు వేరువేరుగా ఉంటాయి కాబట్టి భాగం సంఖ్య చూసి, తయారీదారు ఇచ్చిన వివరాలనే నింపాలి.

ఎర్త్ (కరెంటు తిరిగి వెళ్లే వైరు) విషయంలో మరింత శ్రద్ధ అవసరం, ఎందుకంటే పైపై పరీక్షల్లో ఈ లోపం బయటపడదు. సెన్సర్ ఎర్త్ వైరు ఈసీయూలోని సెన్సర్ ఎర్త్‌కే చేరాలి. కొందరు సౌకర్యం కోసం దాన్ని బాడీకి బిగిస్తారు. ఇంజెక్టర్లు, ఇగ్నిషన్ కాయిల్స్, ఫ్యాన్ పనిచేస్తున్నప్పుడు ఆ బిగింపు దగ్గర 0.1 వోల్టు తేడా ఏర్పడినా, పై ఉదాహరణలోని సెన్సర్ లెక్కలో అది 7 కిలోపాస్కల్‌ల తప్పు అవుతుంది. ఐడిల్‌లో 35 చూపవలసిన చోట 7 అంటే ఐదో వంతు. పీడనాన్ని బట్టి ఇంధనం లెక్కించే ఈసీయూ దాదాపు అదే నిష్పత్తిలో ఇంధనాన్ని తప్పుగా ఇస్తుంది. పరిధి పెరిగేకొద్దీ చిన్న విద్యుత్ లోపం కూడా పెద్దదిగా కనిపిస్తుందన్న సంగతిని ట్యూనింగ్ చేసేవారిలో కూడా అందరూ పట్టించుకోరు. కాబట్టి ఇంజను నడుస్తుండగా, లైట్లు, ఫ్యాన్ ఆన్ చేసి, మల్టీమీటర్ ఒక ముల్లును సెన్సర్ ఎర్త్ పిన్నుకు, మరొక దాన్ని ఈసీయూ ఎర్త్‌కు తాకించి చూడాలి. 0.05 వోల్టు దాటితే ఆ దారిలోని బిగింపులన్నీ విప్పి శుభ్రం చేయాలి.

అదే సమయంలో సరఫరా వైరులో 5 వోల్టులు ఉన్నాయో లేదో చూడాలి. ఈ సరఫరాను థ్రాటిల్ సెన్సర్, తరువాత అమర్చిన ఆయిల్, ఇంధన పీడన సెన్సర్లు కూడా పంచుకోవచ్చు. వాటిలో ఒకటి షార్ట్ అయినా అన్నింటి రీడింగులూ చెడిపోతాయి. సరఫరా తక్కువగా ఉంటే ఆ సెన్సర్ల కనెక్టర్లను ఒక్కొక్కటిగా విప్పుతూ, ఏది తీసినప్పుడు 5 వోల్టులు తిరిగి వస్తున్నాయో గమనించాలి. ఈ వైర్లకు ఏ కారణంగానూ 12 వోల్టులు తాకనివ్వకూడదు.

ఇక గొట్టం సంగతి. సెన్సర్‌ను మానిఫోల్డ్‌కు దూరంగా పెట్టి, సన్నని రబ్బరు గొట్టంతో కలిపినప్పుడు ఆ గొట్టం టర్బో వేడికి పగలవచ్చు, వాక్యూమ్‌కు లోపలికి నొక్కుకుపోవచ్చు, నూనెతో పూడిపోవచ్చు. బూస్ట్ గేజికి, అదనపు పీడనాన్ని వదిలేసే బ్లో ఆఫ్ వాల్వుకు, ఇంధన రెగ్యులేటర్‌కు అదే గొట్టం నుంచి పాయలు తీస్తే, వాటిలో ఏది కారినా సెన్సర్ తప్పు చెబుతుంది. సెన్సర్‌కు ప్రత్యేకంగా, పొట్టిగా, మందంగా ఒక గొట్టం ఉండాలి. ప్రతి సిలిండర్‌కూ విడి థ్రాటిల్ ఉన్న ఇంజనులో అన్ని రన్నర్ల (ఒక్కో సిలిండర్‌కు గాలి వెళ్లే దారుల) నుంచి వచ్చే గొట్టాలను చిన్న డబ్బాలో కలిపి, అక్కడి నుంచి సెన్సర్‌కు ఇవ్వకపోతే ఐడిల్‌లో అంకె ఎగిరెగిరి పడుతుంది.

ఇవన్నీ సరిగా ఉన్నాయని తేలాక సెన్సర్‌నే పరీక్షించవచ్చు. దాని గొట్టం విప్పి, గేజి ఉన్న చేతి వాక్యూమ్ పంపు తగిలించి, కనెక్టర్ బిగించే ఉంచి సిగ్నల్ వైరు వోల్టేజీ చూడాలి. పాదరసంలో 20 అంగుళాల వాక్యూమ్ ఇస్తే సముద్రమట్టం దగ్గర సుమారు 33 కిలోపాస్కల్‌లు మిగులుతాయి; పై ఉదాహరణలో అది దాదాపు 0.69 వోల్టులు. బూస్ట్ వైపు చూడటానికి సైకిల్ పంపుతో గేజి మీద 100 కిలోపాస్కల్‌లు నింపితే సుమారు 3.1 వోల్టులు రావాలి. రెగ్యులేటర్ లేని కంప్రెసర్ గాలి లోపలి పలుచని పొరను చీల్చగలదు కాబట్టి దాన్ని వాడకూడదు. వోల్టేజీ మెట్లు మెట్లుగా దూకినా, ఒకచోట ఆగిపోయినా, పీడనం తీసేశాక మొదటి అంకెకు తిరిగి రాకపోయినా సెన్సర్ చెడిపోయినట్టే. కారు వేడెక్కాకే లోపం కనిపిస్తుంటే, హెయిర్ డ్రైయర్‌తో సెన్సర్‌ను వేడి చేసి, కనెక్టర్‌ను మెల్లగా కదిలిస్తూ ఇదే పరీక్ష చేయాలి.

కొత్త సెన్సర్ వేశాక దాని పట్టికను ఈసీయూలో నింపి, కోడ్‌లు చెరిపి, ఇంజను ఆపి ఉన్నప్పటి అంకెను మళ్లీ వాతావరణ పీడనంతో పోల్చాలి. ఆ తరువాత తక్కువ బూస్ట్‌తో నడుపుతూ పీడనాన్ని, గాలి-ఇంధన నిష్పత్తిని లాగ్‌లో నమోదు చేయాలి. పాత సెన్సర్ తప్పు అంకెల ఆధారంగా ఎవరైనా ఇంధన పట్టికను సరిదిద్ది ఉంటే, ఇప్పుడు సరైన సెన్సర్‌తో అదే పట్టిక తప్పవుతుంది. దాన్ని తిరిగి సరిచేసేవరకు పూర్తి బూస్ట్‌కు వెళ్లకూడదు.